బాండ్లు కన్నెర్ర చేస్తే...

షేర్లు కుప్పకూలితే పెద్ద వార్త. మరి బాండ్లు కుప్పకూలితే? మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. కానీ 2025 ఏప్రిల్‌లో ఓ వారంపాటు ప్రపంచమంతా వాటి వంకే చూసింది!

ఆ నెల 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దాదాపు అన్ని దేశాల సరకుల మీదా సుంకాలు ప్రకటించారు. మన వంతు 26 శాతం. తర్వాతి రెండు రోజుల్లోనే అమెరికా ఎస్‌అండ్‌పీ 500 సూచీ పది శాతానికి పైగా పడిపోయింది. 7న సెన్సెక్స్ 2,226 పాయింట్లు కోల్పోయింది. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీల షేర్లే కాదు, కోస్తాలో చెరువు గట్టున రొయ్య ధరా తగ్గింది. అయినా ట్రంప్ తగ్గలేదు.

తగ్గేలా చేసింది బాండ్లే!

బాండ్ అంటే ప్రభుత్వం రాసిచ్చే అప్పుపత్రం. వెయ్యి రూపాయల పత్రానికి ఏటా 70 రూపాయల వడ్డీ వస్తుందనుకుందాం. అంటే 7 శాతం. ఎవరో బెంబేలెత్తి దాన్ని 875కే అమ్మేశారు. కొన్నవారికి వచ్చే వడ్డీ అదే 70. కానీ పెట్టింది తక్కువ కాబట్టి రాబడి 8 శాతం! దీన్నే ‘ఈల్డ్’ అంటారు. పత్రం ధర తగ్గితే ఈల్డ్ పెరుగుతుంది.

ప్రభుత్వమే ఇంత ఇస్తుంటే షేర్లలో రిస్కెందుకు అనుకుంటారు మదుపరులు. కంపెనీలకూ, ఇల్లు కొనేవారికీ కొత్త అప్పు భారమవుతుంది. అమెరికా బాండ్లలోనే మంచి రాబడి దొరికితే విదేశీ సంస్థలు మన దగ్గర షేర్లు అమ్ముకుని వెళ్లిపోతాయి. ఈల్డ్ పెరిగితే షేర్లకు గుబులు అందుకే.

సాధారణంగా షేర్లు పడితే డబ్బు బాండ్లలోకి పరుగెడుతుంది. ఈల్డ్ తగ్గుతుంది. మొదట అదే జరిగింది. అమెరికా పదేళ్ల బాండ్ ఈల్డ్ 4 శాతం దిగువకు వచ్చింది. కానీ 9వ తేదీకల్లా 4.5 శాతానికి ఎగబాకింది. అంటే షేర్లతోపాటు బాండ్లనూ వదిలించుకుంటున్నారన్నమాట! 36 లక్షల కోట్ల డాలర్ల అప్పున్న దేశానికి ఇంతకన్నా భయమేముంటుంది? అదే రోజు చైనాను మినహాయించి మిగతా దేశాలకు పది శాతం మాత్రం ఉంచి, ఆపై సుంకాలను 90 రోజులు ఆపేశారు ట్రంప్. చర్చలకు తలుపులు తెరిచారు. బాండ్ మార్కెట్‌ను గమనిస్తూనే ఉన్నానని ఆయనే విలేకరులకు చెప్పారు. ఎస్‌అండ్‌పీ ఆ ఒక్కరోజే 9.5 శాతం లేచింది.

రొయ్యల రైతుకూ ఊరట దొరికింది... కొన్నాళ్లే. అదే ఏడాది ఆగస్టులో మన సరకులపై సుంకం 50 శాతానికి చేరింది. ఈసారి బాండ్లు ఏప్రిల్‌లోలా ఉలిక్కిపడలేదు. బాండ్ మార్కెట్‌కు తానిచ్చిన అప్పు గురించే బెంగ. భీమవరం చెరువు గురించి కాదు.

అందుకే వాణిజ్య చర్చల కబురు విని షేర్లు కొనేవారు, సూచీల పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఈల్డ్ అంకెనూ ఓసారి చూడాలి. ఒప్పందం కోసం ఎవరు ఎంత తొందరలో ఉన్నారో కొంతైనా చెప్పేది అదే!