కానుక లెక్క వేరు... పన్ను లెక్క వేరు

నిజామాబాద్‌ జిల్లాలో డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రి పేరు వినని పెద్దలు అరుదు. వందేళ్ల కిందట మెథడిస్టు మిషనరీ డాక్టర్‌ ఇసబెల్‌ కెర్‌ ఆ సేవకు పూనుకుంటే, హిందువైన రాజా నర్సాగౌడ్‌ విరాళమిచ్చి ఆదుకున్నారు. ప్రార్థనాలయానికిచ్చే కానుక ఒకటి, మతంతో పనిలేకుండా అందరికీ అందే సేవకిచ్చే విరాళం మరొకటి. ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ రెంటినీ విడివిడిగానే చూస్తుంది.

ఆదివారం చర్చిలో వేసే కానుకకు, నెలనెలా ఇచ్చే దశమ భాగానికి సాధారణంగా పన్ను మినహాయింపు రాదు. ఒకే మతం లేదా కులం మేలుకోసం నడిచే సంస్థలకు 80జి వర్తించకపోవడమే కారణం. కేంద్రం నోటిఫై చేసిన గుడి, మసీదు, చర్చి వంటి వాటి మరమ్మతులకు ఇస్తే మాత్రం పరిమితికి లోబడి సగానికి మినహాయింపు ఉంది. ‘రసీదు ఉందిగా’ అని మామూలు చర్చి కానుకను రిటర్నులో చూపించకండి. తప్పుడు క్లెయిమ్‌ అని తేలితే పన్ను, వడ్డీతోపాటు ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా పడొచ్చు.

మరి మినహాయింపు దేనికి? 80జి గుర్తింపు ఉన్న ఆస్పత్రికో, అనాథాశ్రమానికో ఇచ్చినదానికి. పాత పన్ను విధానంలో ఉన్న ఓ టీచరమ్మ పన్ను వర్తించే ఆదాయం 8 లక్షలు అనుకుందాం. ఆమె 20,000 రూపాయలు విరాళమిస్తే, చాలా సంస్థల విషయంలో సగం, అంటే 10,000 ఆదాయంలోంచి తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి మిగిలేది 2,080 రూపాయలు.

ఇచ్చేముందు ఇవి చూసుకోండి:

* 2,000 రూపాయలు దాటితే నగదు వద్దు. చెక్కు, యూపీఐ మేలు.
* బియ్యం, బట్టలు, కోత పండుగకు తెచ్చిన పంట లెక్కలోకి రావు. డబ్బు విరాళానికే మినహాయింపు.
* సంస్థ గుర్తింపు ఇంకా అమల్లో ఉందో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. రసీదుతోపాటు విరాళ ధ్రువపత్రం కూడా అడిగి తీసుకోండి.
* 2026 ఏప్రిల్‌ 1 నుంచి వర్తించే కొత్త చట్టంలో ఈ సెక్షన్‌ నంబరు 133.

కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఈ మినహాయింపు లేదు. అయితే 2025-26 నుంచి అందులో జీతం వంటి మామూలు ఆదాయం 12 లక్షల దాకా ఉంటే పన్నే పడదు. కాబట్టి 2,080 కోసం పాత విధానంలోకి వెళ్లేముందు రెండు లెక్కలూ వేసి చూసుకోండి.

బోధన్‌ వైపు చెరకో, వరో పండించే రైతుకు వ్యవసాయ ఆదాయం మీద పన్నే లేదు. వేరే ఆదాయం లేకపోతే ఆయనకు ఈ సెక్షన్లతో పనే లేదు. అంతమాత్రాన ఆయన ఇచ్చేది తగ్గించుకోనక్కర్లేదు కదా! ఎంత ఇవ్వాలో ముందు మనసు తేల్చాలి, పన్ను లెక్క ఆ తర్వాతే.