కళ్ళకు చలువ రంగులు: ఒక ఆడిట్ అభ్యంతరం

పచ్చరాయి ఉంగరం పెట్టుకుంటే బుధుడు కరుణించి లెక్కలు బాగా వస్తాయని చెప్పేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. నవ్వాలి కూడా. కానీ "నల్లటి తెర కళ్ళకు మంచిది, తెల్లది చెరుపు", "నీలికాంతి కళ్ళద్దాలు పెట్టాక తలనొప్పి పోయింది", "కాంట్రాస్ట్ తగ్గిస్తే కంటికి హాయి" అని మనవాళ్ళే అంటుంటే ఎవరికీ నవ్వు రావడం లేదు. మన సంఘంలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. రోజుకు పది గంటలు చూసే కోడ్ ఎడిటర్ రంగుల దగ్గరకొచ్చేసరికి వాళ్ళు హేతువాదాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలేస్తున్నారు. ఈ వ్యాసం వాళ్ళమీదే.

బి.కాం. చదివి, రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన ముసలాడికి ఈ రంగుల గోల ఎందుకని అడుగుతారేమో. ఎందుకంటే నా ఉద్యోగమంతా మూడో కార్బన్ కాపీ చదవడంలోనే గడిచింది. కాంట్రాక్టరు బిల్లు అసలు ఎక్కడికో పోతుంది, రెండోది ఫైల్లో ఉంటుంది, ఆడిట్‌కి వచ్చేది మూడోది. అందులో 3 ఏదో 8 ఏదో తేల్చుకోవడానికి కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి చూసేవాళ్ళం. వెలిసిపోయిన అక్షరం కంటికి హాయి అని ఆ రోజుల్లో ఒక్క గుమాస్తా కూడా అనలేదు. ఇప్పుడు సూరత్‌లో, కతర్‌గామ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటూ అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ లెక్కలు సరిచూడ్డానికి పైథాన్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుంటున్నాను. ఎడిటర్ తెరిస్తే మళ్ళీ మూడో కాపీయే!

ముందు కొలత గురించి మాట్లాడుకుందాం. రెండు రంగుల మధ్య కాంట్రాస్టుకి ఒక ఫార్ములా ఉంది. 2008 డిసెంబరులో డబ్ల్యూ3సీ వాళ్ళు తమ వెబ్ మార్గదర్శకాల్లో ప్రకటించారు. రంగులోని ఎరుపుకి 0.2126, ఆకుపచ్చకి 0.7152, నీలానికి 0.0722 చొప్పున తూకం వేసి వెలుగు కడతారు. ఎక్కువ వెలుగుకీ తక్కువ వెలుగుకీ చెరో 0.05 కలిపి భాగిస్తారు. నలుపు మీద తెలుపు 21 వస్తుంది, అంతకుమించి రాదు. మామూలు చూపున్నవాడికి కనీసం 3 ఉండాలని పాత ప్రమాణాలు చెప్పాయి. చూపు 20/40కి పడిపోయినవాణ్ణి దృష్టిలో పెట్టుకుని దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి 4.5 అన్నారు. ఇంకా మందగించినవాళ్ళకి 7. ఈ ఫార్ములాలో లోపాలున్నాయి. ముఖ్యంగా ముదురు నేపథ్యాల మీద ఉన్నదానికంటే ఎక్కువ మార్కులు వేస్తుంది. అంటే కింద నేను చెప్పే అంకెలు చీకటి థీములకు అనుకూలంగా మొగ్గినవే. అయినా ఎలా తప్పుతున్నాయో చూడండి.

2011లో ఈథన్ స్కూనోవర్ అనే ఆయన సోలరైజ్డ్ అనే రంగుల జట్టు విడుదల చేశాడు. శ్రద్ధగా చేశాడు, అందులో సందేహం లేదు. కంటి గ్రహింపుని బట్టి కట్టిన ల్యాబ్ కొలతల్లో మొత్తం 16 రంగులు ఎంచాడు. కావాలనే కాంట్రాస్ట్ తగ్గించాడు. దాని చీకటి రూపంలో మామూలు అక్షరానికి 4.75 వస్తుంది, గీత మీద పాసు. కామెంట్లకి? 2.79. కన్ను బాగున్నవాడికి పెట్టిన 3 కూడా లేదు. 2006లో విమర్ హేజెన్‌బర్గ్ చేసిన మోనోకైలో అక్షరాలకు దాదాపు 14, కామెంట్లకి 3. ఈ రెంటినీ ప్రపంచమంతా తలకెత్తుకుంది. ఇక మన ఇంజినీరింగ్ కాలేజీల్లో తరాల తరబడి నడిచిన టర్బో సీ చూడండి. నీలం మీద పసుపు, చూస్తే జాతర గుడారంలా ఉంటుంది, అందరూ వెక్కిరించారు. లెక్క వేస్తే 12.5 వచ్చింది. (అందంగా ఉందని నేను అనడం లేదు.)

కామెంట్లను మసక చెయ్యడం మీద నాకు అసలు కోపం. అడిగితే మా మేనల్లుడు చెప్పిన కారణం, "అవి నడిచే కోడ్ కాదు కదా మావయ్యా, అడ్డం రాకుండా వెనక్కి నెడతాం." లెడ్జరులో ప్రతి పద్దు కింద "బీయింగ్ ద అమౌంట్ పెయిడ్ టు..." అని ఒక వివరణ రాస్తారు. మొత్తానికి అది కూడదు, బాకీ తియ్యదు. కానీ ఏ ఆడిటరైనా ముందు చదివేది దాన్నే. ఎందుకంటే అంకె ఏం జరిగిందో చెబుతుంది, వివరణ ఎందుకు జరిగిందో చెబుతుంది. ఆ రెండూ పొసగని చోటే తప్పు దొరుకుతుంది. వివరణని నీళ్ళ సిరాతో రాసినవాడి బిల్లు మేమైతే వెనక్కి పంపేవాళ్ళం.

"మరి కాంట్రాస్ట్ ఎక్కువైతే కళ్ళు మండుతున్నాయి కదా?" ఇది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. మండేది కాంట్రాస్ట్ వల్ల కాదు, వెలుగు వల్ల. నిష్పత్తి వేరు, మొత్తం వేరు. 21కి 1 అనేది నిష్పత్తి. తెర వెలుగు సగానికి తగ్గించినా, గదిలో వెలుతురు తెరమీద పడి చెరపకపోతే, నిష్పత్తి ఇంచుమించు అలాగే ఉంటుంది. రాత్రి లైటు తీసేసి, తెర వెలుగు మధ్యాహ్నం పెట్టినట్టే ఉంచి, కళ్ళు నొస్తే అక్షరాల రంగు మసక చెయ్యడం... క్యాషు తక్కువైందని లెడ్జరులో అంకె దిద్దడం లాంటిది. వెలుగు మీట తెర మీదే ఉంది, తగ్గించుకోండి. గదిలో ఒక దీపం వెలగనివ్వండి. అదీకాక తెర చూసేటప్పుడు రెప్ప వాల్చడం తగ్గుతుంది, కన్ను పొడిబారుతుంది. దానికి ఏ థీమూ మందు కాదు.

ఇక నల్ల తెర మహత్యం. జర్మనీలో డుసెల్‌డార్ఫ్ పరిశోధకులు పీపెన్‌బ్రాక్, మైర్, బుక్నర్ ప్రభృతులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో కుర్రవాళ్ళూ పెద్దవాళ్ళూ ఇద్దరూ తెల్లటి నేపథ్యం మీద నల్ల అక్షరాలనే మెరుగ్గా చదివారు. కారణంగా చెప్పేది సులువే: వెలుగెక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది, కెమెరా రంధ్రం చిన్నదైనట్టు బొమ్మ స్పష్టంగా పడుతుంది. అలాగని తెలుపే వేదం అనకండి. కంట్లో పొర మసకబారినవాళ్ళు కొందరు నలుపు మీద తెలుపునే బాగా చదువుతారని 1980లలోనే లెగ్గీ బృందం చూపించింది. నల్ల తెర ఇష్టమైతే వాడుకోండి, ఓలెడ్ ఫోన్‌లో బ్యాటరీ కూడా మిగులుతుంది. అది ఇష్టం. "కళ్ళను కాపాడుతుంది" అన్నారంటే మాత్రం అది వాదం, దానికి రుజువు కావాలి. నీలికాంతి కళ్ళద్దాల సంగతి 2023లో కాక్రేన్ సమీక్ష 17 ప్రయోగాలు కూడేసి చూసింది. మామూలు అద్దాలతో పోలిస్తే తెర వల్ల వచ్చే కంటి అలసటని అవి తగ్గిస్తున్నట్టు కనబడలేదు. అమెరికా కంటి వైద్యుల అకాడమీ కూడా వాటిని సిఫారసు చెయ్యడం లేదు. పచ్చరాయికీ వీటికీ తేడా, వీటికి బిల్లు ఇస్తారు.

రంగు అనేది పక్కనున్న రంగుని బట్టి మారుతుందన్న సంగతి ఈ ఊరివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పారిస్‌లో గోబెలిన్ రాజ నేతశాలకు రంగుల అద్దకం అధికారిగా ఉన్న షెవ్రల్‌కి నల్లరంగు తేలిపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షిస్తే రంగులో లోపం లేదు, పక్కన నేసిన రంగులవల్ల అలా కనబడుతోంది. 1839లో దానిమీద పెద్ద పుస్తకమే వేశాడు. కతర్‌గామ్‌లో వీధికో వజ్రాల కార్ఖానా. మా బిల్డింగులోని ఒక సార్టరుగారు రాయిని తెల్ల కాగితం మీద బోర్లించి పక్కనుంచి చూస్తారు. రంగు చొక్కా మెరుపు రాయిలో పడకూడదంటారు. పక్కన నమూనా రాళ్ళు పెట్టి పోల్చనిదే గ్రేడు చెప్పరు. పదో తరగతి దాటని మనిషికి తెలిసిన ఈ సంగతి, నల్లటి తెర మీద ఫోల్డర్ల పేర్లు ముదురు నీలంలో చూపించే టెర్మినల్ చేసినవాళ్ళకి తెలియలేదు. నలుపు మీద అచ్చమైన నీలానికి వచ్చేది 2.44. పై ఫార్ములాలో నీలం తూకం చూస్తే ఎందుకో తెలుస్తుంది.

మేనల్లుడి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. వాడికి ఎరుపూ ఆకుపచ్చా సరిగ్గా వేరుపడవు. యూరపు సంతతి మగవాళ్ళలో దాదాపు 12 మందిలో ఒకరికి ఈ తేడా ఉంటుంది, ఆడవాళ్ళలో 200 మందిలో ఒకరికి. సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం కారణం. మన దేశంలోనూ లక్షల్లో ఉంటారు. వాడు ఇంతకు ముందు పనిచేసిన కంపెనీలో పరీక్ష నెగ్గితే ఆకుపచ్చ చుక్క, తప్పితే ఎర్ర చుక్క. రెండూ ఒకే వెలుగులో, పక్కన అక్షరం లేదు, గుర్తు లేదు. రెండుసార్లు తప్పు చుక్కని ఒప్పనుకున్నాడు. "అశ్రద్ధ" అని కాగితం మీద రాసి ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. వాడు కంటి సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఇది లేదు. అయితే 2022లో సుప్రీంకోర్టు పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇలాంటి చూపున్నవాళ్ళను చేర్చుకోకుండా ఆపకూడదని చెప్పింది. సినిమాకే అడ్డం కానిది చుక్కలకి అడ్డమా? ఆ చుక్క పక్కన "తప్పు" అని రెండక్షరాలు పెట్టి ఉంటే ఆరు నెలల జీతం పెంపు పోయేది కాదు. రంగుల ఎంపిక సొంత రుచి అనేవాళ్ళు ఈ లెక్క కూడా చూడాలి.

మేమిద్దరం కూర్చుని చేసుకున్న జట్టు ఇది. నేపథ్యం ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 30 చొప్పున. అచ్చ నలుపు కాదు. అక్షరాలు 212 చొప్పున, 11.2 వచ్చింది. కామెంట్లు వీఎస్ కోడ్ డార్క్ ప్లస్‌లో ఉన్న ఆకుపచ్చే. అది సరిగ్గా 5, గౌరవంగా ఉంది. తీసేసిన వరుసకి నారింజ, చేర్చిన వరుసకి ఆకాశనీలం, వాటికి 7.4, 7.2. ఈ రెండు రంగులూ జపాన్‌లో ఒకాబే, ఇటో అనే ఇద్దరు ఇలాంటి చూపున్నవాళ్ళ కోసం ఎంచిన జట్టులోవి. వరుస మొదట్లో కూడిక, తీసివేత గుర్తులు తప్పనిసరి. పగటికి ఇదే తిరగేసి లేత నేపథ్యంతో ఇంకోటి. నాకు పగటిదే పడుతుంది. అరవై దాటినవాడి కంటి లోపలికి ఇరవై ఏళ్ళవాడికి చేరే వెలుగులో సుమారు మూడో వంతే చేరుతుందట మరి.

ఒప్పుకోనివారికి ఒక పందెం. మీ థీమూ, పై జట్టూ తీసుకోండి. రెంటికీ తెర వెలుగు ఒకటే, అక్షరాల సైజు ఒకటే, గదిలో దీపం ఒకటే. రోజూ పొద్దున్న నాణెం ఎగరేసి ఏది వస్తే అది పెట్టండి. స్నేహితుడెవరైనా 200 వరుసల కోడ్‌లో ఐదు తప్పులు దాచాలి, రెండు కామెంట్లలో, మూడు కోడ్‌లో. ఎన్ని దొరికాయి, ఎంతసేపు పట్టింది, సాయంత్రానికి కళ్ళెలా ఉన్నాయి, మూడూ రాసుకోండి. రెండు వారాల కాగితాలు సంఘం సమావేశానికి పట్టుకురండి, ఎదురెదురుగా కూడదాం. నా దగ్గర ప్రస్తుతం మేనల్లుడి కాగితాలు మాత్రమే ఉన్నాయి. ఒక్కడి లెక్క కాబట్టి ఇక్కడ వెయ్యడం లేదు.