కవ్వం చెప్పిన పాఠం



మజ్జిగ చిలికేటప్పుడు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? కవ్వం తిరిగిన కొద్దీ మజ్జిగ కుండ అంచులకు ఎగబాకుతుంది. నడుమ గుంట పడుతుంది. తాడుతో చిలికే కవ్వం ఒకసారి కుడికీ, ఒకసారి ఎడమకూ తిరుగుతుంది గదా! ఎటు తిరిగినా మజ్జిగ మాత్రం అంచులకే పోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు పని వున్నది.

పూర్వం మన కృష్ణా డెల్టాలో రైతులు గాలివాటు చూసుకుని ధాన్యం తూర్పారబట్టేవారు. గాలి లేనినాడు పని లేదు. బియ్యపు మిల్లులో ఆ గాలిని పంకా పుట్టిస్తుంది. 100 కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. బియ్యం నుంచి దాన్ని వేరుచేసేది ఈ గాలే.

ఈ పంకా మన ఇంటి పంకా వంటిది కాదు. నత్తగుల్ల ఆకారపు ఇనపడొల్లలో రెక్కల చక్రం తిరుగుతుంటుంది. గాలి చక్రం నడుమకు వచ్చి, రెక్కల విసురుకు అంచులకు పోయి, డొల్ల మూతిగుండా బయటపడుతుంది. అచ్చం కవ్వమే! 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథంలోనే, గనుల్లోకి గాలి పంపే ఇటువంటి పంకాల బొమ్మలున్నాయి.

రెక్కలు ఎలా వుండాలి? చక్రం తిరిగే వైపుకే వంగి వుంటే గాలి మహా జోరుగా బయటికి దూకుతుంది. కాని ఆ జోరులో చాలా భాగం సుడులై వృథా అవుతుంది. వెనక్కు వంగి వుంటే గాలి నెమ్మదిగా, వత్తిడితో వెలువడుతుంది. కరెంటు ఆదా అవుతుంది. ఊక పంకాలోగుండానే పోయేటట్లయితే మాత్రం తిన్నని, దళసరి రెక్కలు వాడతారు. ఊకలో ఇసుకలో వుండే సిలికాయే వున్నది. అది ఇనుమునైనా అరగదీస్తుంది.

ఒకసారి పిల్లలను వెంటబెట్టుకుని, నా పాత శిష్యుడి మిల్లుకు వెళ్ళాను. అక్కడి పంకా శుభ్రమైన గాలినే వూదుతుంది; రెక్కలు వెనక్కు వంగినవి. మోటారుకు వైండింగు చేయించి బిగించిన నాటినుంచీ బియ్యంలో ఊక మిగిలిపోతున్నదట. ధాన్యం పోసే పనివాడిదే తప్పని, అతని కూలి కోస్తానంటున్నాడు యజమాని.

"పుల్లీ మార్చి వేగం పెంచు," అన్నాను నేను. అది తొందరపాటు. పంకా వేగం రెట్టింపు చేస్తే గాలి 2 రెట్లే అవుతుంది. కావలసిన శక్తి మాత్రం 8 రెట్లు!

అంతలో ఏడవ తరగతి పిల్ల ఒకతె, "మాస్టారూ! డొల్లమీద బాణం అటు చూపిస్తున్నది. చక్రం ఇటు తిరుగుతున్నదేం?" అన్నది.

నిజమే! మోటారుకు వచ్చే మూడు తీగల్లో రెండు తారుమారయ్యాయి. చక్రం వెనక్కు తిరుగుతున్నది. అయినా గాలి మూతిగుండానే వస్తున్నందున ఎవరికీ అనుమానం కలగలేదు. కవ్వం గుర్తున్నదా? ఎటు తిరిగినా గాలి అంచులకే పోతుంది. అయితే రెక్కల వంపూ, డొల్ల వంపూ ఎదురు తిరిగినందున దాని బలం బాగా తగ్గిపోయింది.

కరెంటు ఆపించి, ఎలక్ట్రీషియను ఆ రెండు తీగలనూ మార్చాడు. ఊక ఎగిరిపోయింది. పనివాడి కూలి నిలిచింది. నేను ఆ పిల్లకు నమస్కారం పెట్టాను.

సరే, మీకొక ప్రశ్న: ఇంట్లో కప్పుకు వేలాడే పంకా వెనక్కు తిరిగితే గాలి ఎటు పోతుంది? పంకా జోలికి పోకుండా, ఆలోచించి చెప్పండి. జవాబు వచ్చే నెల.