పన్నెండు గంపలు



గత వేసవిలో ఒక శనివారము తెల్లవారుజామున మా సంఘము నుండి ఇరవై ముగ్గురము కొల్లేటి ఒడ్డుకు బయలుదేరాము. యౌవనస్థులు, స్త్రీల సమాజపు సహోదరీలు, ఇద్దరు సంఘపెద్దలు, మా అయ్యగారు. చేతుల్లో కొడవళ్లు, దంతెలు, వెదురు గెడలు, ఖాళీ గోనె సంచులు. అటవీ శాఖ వారి అనుమతి తీసుకొని, అభయారణ్యపు అంచున ఒక కాలువలో గుర్రపుడెక్క తీసి, గట్టుమీది చెత్త ఏరుదామని మా ఉద్దేశము. మంచి పని చేయబోతున్నామన్న ఉత్సాహముతో వెళ్లాము. తిరిగి వచ్చేటప్పుడు మాత్రము తలలు వంచుకొని వచ్చాము. ఆ సంగతి దాచుకొనక మీతో పంచుకొనుట మంచిదని తోచింది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ దేవుడు పెట్టిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లన్నీ ఇందులో చేరతాయి. ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకొనిపోతుంది. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించింది. 2002లో ఇది ప్రపంచములోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుకొనుట చూడవలసినదే.

ఈ సరస్సును పీడించే వాటిలో ఒకటి గుర్రపుడెక్క. ఇది మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికా నుండి పువ్వు అందము చూసి తెచ్చుకొన్నది. పొలాల ఎరువు, చెరువుల మేత, పట్టణాల మురుగు కలిసిన నీరు దానికి మంచి బలము. అనుకూలమైన చోట రెండు వారాలలోనే రెట్టింపవుతుంది. నీటిమీద చాప పరచినట్టు అల్లుకొని వెలుతురు లోపలికి పోనివ్వదు. కింద చేపకు ఊపిరాడదు, పైన దోనె కదలదు.

పని మొదలుపెట్టగానే మా తెలివితక్కువ బయటపడింది. కనబడిన పచ్చదనమంతా కోసి పారేస్తున్నాము. దోనెలో వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి కేక వేశారు. "బాబూ, గుర్రపుడెక్క లాగండి గాని కిక్కిస జోలికి పోకండి. అది కొల్లేటి సొంత గడ్డి. పిట్టలు, చేపపిల్లలు దాక్కునేది అందులోనే." మరి కొన్ని సంగతులు కూడా ఆయనే చెప్పారు. లాగిన డెక్కను నీళ్ల అంచున వదిలితే మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి దిగుతుందట. గట్టు అవతలకు మోసి, బాగా ఎండబెట్టి, పేడతో కలిపి గోతిలో వేస్తే ఎరువవుతుందట. ఆయన చెప్పినట్టే చేశాము. ఈత రానివారు నీళ్లలో దిగలేదు. పక్షులు గూళ్లు పెట్టే కాలములో ఆ ఛాయలకే పోకూడదని అటవీ శాఖ వారు ముందే చెప్పారు. తల్లిపక్షి కూర్చున్న గూటి విషయములో కనికరము చూపమని మోషే ధర్మశాస్త్రములో (ద్వితీయోపదేశకాండము 22:6, 7) ఉన్న ఆజ్ఞ అప్పుడు మాకు గుర్తుకొచ్చింది.

పది గంటల వేళకు డెక్క వేళ్లలో చిక్కుకొన్న చెత్త బయటపడసాగింది. నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, తళతళలాడే పూత వేసిన పేపరు పళ్లెములు. అంతలో మా కుర్రవాడొకడు బురదలో నుండి పెద్ద ఫ్లెక్సీ ముక్క లాగాడు. కడిగి చూస్తే దానిమీద సగము వాక్యము, సగము తేదీ. అది అంతకు ముందు ఏడు మా సంఘము జరిపిన ఉజ్జీవ కూటములది! ప్రేమవిందు అయిన రాత్రి పళ్లెములన్నీ మందిరము వెనుక మురుగు కాలువలో వేశాము. వానలు పడ్డాయి. కాలువ తన పని తాను చేసింది.

దోనె పెద్దాయన ఆ ముక్కను చూశారు. కోపపడలేదు. "2006లో ఇక్కడి చేపల చెరువుల గట్లు పగులగొట్టినప్పుడు మా ఇళ్లలో పొయ్యి ఆరింది బాబూ. కొల్లేరు బతకాలంటే తప్పదన్నారు. సరే అనుకున్నాం. మరి పైన ఉన్నవాళ్లు పంపేదానికి గట్టు ఎవరు వేస్తారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

ఆదివారము ఆరాధన అయిన తరువాత అయ్యగారు ఆ ఫ్లెక్సీ ముక్కను సంఘము ఎదుట పెట్టారు. ఇకమీదట ప్రతి నెల ఒక శనివారము ఈ పని చేద్దామన్నారు. సువార్త పని మాని చెత్త పనా అని కొందరు గొణిగారు. అప్పుడు వెనుక వరుసలో నుండి ఒక వృద్ధ తల్లి లేచింది.

"అయ్యగారూ, మా మామ చేత ఊరి చెత్త, చచ్చిన గొడ్లు ఎత్తించినోళ్లు మాకు మంచినీళ్లు పైనించి పోసేవోళ్లు. ప్రభువు మా తల ఎత్తాడు. నా మనవరాలు డిగ్రీ చదువుతోంది. మళ్లీ దాని చేతికి గంప ఇస్తారా?"

మందిరమంతా నిశ్శబ్దము. అయ్యగారు కొంతసేపటికి ఇట్లన్నారు: "అమ్మా, నీవు చెప్పినది నిజము. ఒకరి ఎంగిలి మరొకరి చేత ఎత్తించుట పాపము. మనము తిన్నది మనమే ఎత్తుకుందామని అడుగుతున్నాను. మొదటి గంప నాది."

పిమ్మట యోహాను సువార్త 6వ అధ్యాయము తెరిచారు. సముద్రపు ఒడ్డున, పచ్చికమీద అయిదు వేలమంది పురుషులు తృప్తిగా తిన్నారు. అంతటితో కూటము ముగిసిందని ప్రభువు అనలేదు. మిగిలిన ముక్కలు పోగుచేయమని తన శిష్యులకే చెప్పాడు. అవి రొట్టె ముక్కలే, మనము పారేసే చెత్త వంటివి కావు. అయినా ఆ పనికి ఆయన కూలివారిని పిలువలేదు. శిష్యులు పన్నెండుగురు, నిండిన గంపలు పన్నెండు. అద్భుతమును గూర్చి ఎన్నో ప్రసంగములు విన్న మనము గంపలను గూర్చి ఎన్ని విన్నాము? పాపము లోకములోనికి రాకమునుపే, తోటను సేద్యపరచి కాపాడే పనిని దేవుడు ఆదాముకు ఇచ్చాడు (ఆదికాండము 2:15). ఆ పనిలో అవమానము లేదు. అవమానమంతా ఒకడు పారవేసి మరొకని మీద దానిని మోపుటలో ఉన్నది.

ఆ తల్లి ఆ రోజు బదులు పలుకలేదు. స్త్రీల సమాజము వారు పిడికెడు బియ్యపు కానుకతో స్టీలు పళ్లెములు, గ్లాసులు కొన్నప్పుడు మాత్రము ఒక షరతు పెట్టింది. "ఎవరు తిన్న పళ్లెం వాళ్లే కడగాలి. మగోళ్లు కూడా." సంఘము ఒప్పుకొన్నది. తరువాతి ప్రేమవిందులో సంఘపెద్దలు కుళాయి దగ్గర వరుసలో నిలబడుట చూసి ఆమె నవ్వింది. ఆ మరుసటి శనివారము తన మనవరాలిని తానే వెంటబెట్టుకొని వచ్చింది.

ఈ పనితో కొల్లేరు బాగుపడిందని మేము చెప్పము. మేము తీసిన చోట డెక్క మళ్లీ మొలిచింది. దాని విత్తనము బురదలో ఏళ్ల తరబడి బ్రతికి ఉంటుంది. పని కొల్లేటి చాంతాడంత ఉన్నది. కాని మా మందిరము వెనుక కాలువలో నుండి మాత్రము ఇప్పుడు పళ్లెములు పోవుట లేదు. ఆ మేరకు గట్టు వేశాము.

ప్రియ పాఠకులారా, మీ ఊరిలోను ఒక చెరువో, కాలువో, తోపో ఉంటుంది. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లెములు, స్పూనుల వంటి వాటిని ప్రభుత్వము నిషేధించింది. చట్టము కొరకు కాకపోయినా, మన సాక్ష్యము కొరకైనా వాటిని విడిచిపెడదాము. ఏరిన ప్లాస్టిక్‌ను కాల్చక పంచాయతీ వారికి అప్పగించండి. స్థలము ఎవరి అధీనములో ఉన్నదో వారి అనుమతి తీసుకొని, అక్కడి పెద్దల మాట విని, ఆ తరువాతనే కొడవలి పట్టండి. రాబోయే క్రిస్మస్ విందుకు వంటవారిని, పాటల బృందమును ముందే ఏర్పాటు చేసుకొంటారు కదా, గంపలు పట్టేవారి పేర్లు కూడా ఆ రోజే వ్రాసుకొనండి. ఆ జాబితాలో మొదటి పేరు మీదే అయితే మాకు మరీ సంతోషము.

ప్రభువు కృప మీ కుటుంబములకు తోడైయుండును గాక.