సముద్రపు పైరు

పంట యనగానే మనకు నేల తలపునకు వచ్చును. కాని భూమండలమునందలి పచ్చని ప్రాణులు సూర్యరశ్మిని గ్రహించి ఆహారముగా మార్చు కార్యములో ఇంచుమించు సగపాలు సముద్రజలములయందే జరుగుచున్నది. ఈ పని నిర్వహించునవి సూక్ష్మదర్శినికి మాత్రమే గోచరించు కణప్రాయములగు వృక్షములు. శాస్త్రజ్ఞులు వీనిని వృక్షప్లవకములని వ్యవహరింతురు. ఈ పైరును చిఱుజీవులును, కవళ్లవంటి చిన్న చేపలును మేయును. వానిని వంజరమువంటి పెద్దచేపలు తినును. ఇచ్ఛాపురము మొదలు తడ వఱకుగల తీరమున వల వేసి బ్రదుకు ప్రతి కుటుంబముయొక్క జీవనమును తుదకు ఈ పైరుమీదనే యాధారపడి యున్నది. కావున మన తూర్పు సముద్రమున ఇది యెట్లు పండుచున్నదో యెఱుగుట పండితుల వేడుక మాత్రము కాదు.

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మున్నగు నదులన్నియు తమ యొండ్రును దెచ్చి పోయుచుండగా, బంగాళాఖాతము మిగుల సారవంతమై యుండునని కృషీవలుడెవ్వడైనను ఊహించును. నిజస్థితి ఇందుకు విరుద్ధము. నైరుతి ఋతుపవనకాలమున అరేబియా సముద్రము ప్లవకములతో పచ్చబడుచుండ, బంగాళాఖాతపు నడిమిభాగము పేదచేనువలె నుండును. ఇందులకు హేతువేమి? ఈ ప్రశ్నను గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన ఎస్. ప్రసన్నకుమారుగారును, వారి సహచరులును చేపట్టిరి. 2001 జూలై మాసమున 'సాగరకన్య' నౌకపై వెడలి, ఉష్ణతను, లవణతను, పోషకలవణములను, పత్రహరితమును లోతులవారీగా కొలిచి, ఫలితములను 2002లో ప్రకటించిరి.

వారు కనుగొన్నది సేద్యమెఱిగినవారికి సులభముగ బోధపడును. మధ్య బంగాళాఖాతపు పైనీరు మధ్య అరేబియా సముద్రపు పైనీటికంటె 1.5 మొదలు 2 డిగ్రీల వఱకు వెచ్చగా నుండెను. నదీజలములచేతను, వర్షములచేతను ఉప్పు పలుచనై తేలికపడిన ఆ నీరు క్రిందినీటిపై మూతవలె పఱచుకొని యుండెను. పైగా ఇచట వీచు గాలి అరేబియా సముద్రముపై వీచు గాలికంటె బలహీనము. అది ఆ మూతను భేదింపజాలక, 20 మీటర్ల లోతైనను కలియబెట్టలేకపోయెను. పైరునకు వలసిన నత్రజని, భాస్వరము మున్నగు పోషకములు ఆ మూతకు కొద్ది దిగువనే నిలిచియున్నవి. పైకి వచ్చు త్రోవ మాత్రము లేదు. ఇక నదులు తెచ్చు సారము తీరము చెంతనే చాలవఱకు తీఱిపోవును. వరదకాలమున ఆ నీటిలోని బురద వెలుతురును సయితము అడ్డగించును. గోదావరి సాగరసంగమమున వరద తీసి నీరు తేఱిన పిదపనే ప్లవకములు విస్తారముగ వృద్ధిపొందుచున్నవని విశాఖ శాస్త్రజ్ఞుల పరిశోధనలవలన తెలియుచున్నది.

అనగా, బంగాళాఖాతము చౌడునేల కాదు. దున్నబడని సారవంతమగు నేల. దున్నువారు లేకపోలేదు. వసంతకాలమున విశాఖతీరమున గాలి పైనీటిని త్రోసివేయగా చల్లని యడుగునీరు పైకెగయును. 1950వ దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, మన విద్యార్థులకు సముద్రశాస్త్రము బోధించిన అమెరికా ఆచార్యుడు యూజీన్ లాఫాండ్ ఈ విషయమును ఆనాడే వివరించియుండెను. నడిసముద్రమున పెనుసుడులు అచ్చటచ్చట ఈ పనినే చేయుచున్నవని ప్రసన్నకుమారుగారి బృందము 2004లో సూచించెను. తుపానులును ఇట్టివే. 1999 అక్టోబరున ఒరిస్సాలో వేలాది ప్రాణములను హరించిన పెనుతుపాను వెనుక చెన్నపట్టణపు టెదుటి సముద్రమున ప్లవకములు హెచ్చినట్లు శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

ఇంతవఱకు చెప్పినది పైనీటి మాట. ఆ మూతక్రింద మఱియొక స్థితి కలదు. సుమారు 100 మీటర్ల దిగువనుండి కొన్ని వందల మీటర్ల లోతు వఱకు బంగాళాఖాతపు నీటియందు ప్రాణవాయువు దాదాపు శూన్యము. అరేబియా సముద్రమున ఇట్టి పొరయందు ప్రాణవాయువు బొత్తిగా నశించిన చోట్ల, సూక్ష్మజీవులు పైరునకు పనికివచ్చు నత్రజని లవణములను వాయువుగా మార్చి ఆకాశమున గలిపివేయుచున్నవి. బంగాళాఖాతమున నామమాత్రముగా మిగిలియున్న ప్రాణవాయువు ఆ నష్టమును చాలవఱకు అరికట్టుచున్నది. డెన్మార్కు, జర్మనీ దేశముల శాస్త్రజ్ఞులతో గూడి మన ఎస్. డబ్ల్యు. ఎ. నక్వీగారు 2017లో అచ్చువేసిన పరిశోధన ఈ సంగతిని తేటపఱచినది. ఆ మిగిలిన లేశమును నశించెనేని, నత్రజని నష్టము హెచ్చునని వారు హెచ్చరించిరి.

ఆ లేశము నశించుట యెట్లు? పైన పెరిగిన పైరు చచ్చి క్రిందికి దిగి క్రుళ్లునప్పుడు ప్రాణవాయువును హరించును. తీరజలములయందు మితిమీఱిన యెరువు చేరినచో, అట్లు క్రుళ్లు పదార్థమును హెచ్చును. ఇచటనే ఈ విషయము మన పాఠకుల గడపలోనికి వచ్చుచున్నది. వరిచేలకు చల్లిన యూరియాలో మొక్క గ్రహింపక మిగిలినది మురుగుకాలువలబడి పాఱుచున్నది. కొల్లేటిప్రాంతపు చేపలచెఱువుల నీరు ఉప్పుటేటిగుండ సముద్రమున గలియుచున్నది. పట్టణముల మలినజలము సంగతి చెప్పనక్కఱలేదు. ఒక్క రైతు బస్తా సముద్రమును చెఱుపదు. కాని పరీవాహక ప్రదేశములందలి కోట్లాది యెకరములనుండి వచ్చునదంతయు చేరవలసిన చోటు ఒక్కటే. రైతు డబ్బు పెట్టి కొన్న యెరువు పైరునకు గాక కడలికి పోవుట అతనికిని నష్టమే. మట్టిని పరీక్షింపించి, మోతాదు నెఱిగి, విడతలుగా వేయుట ఆదాయముకొఱకే చేయదగిన పని. సముద్రమునకు మేలగుట దానితోపాటు కలుగు ఫలము.

అయితే కీడు నిజముగా సమీపించుచున్నదా, లేదా? దీనిని ఊహచే నిర్ణయింపరాదు. కొలతలు వలయును, అవి యేండ్ల తరబడి యెడతెగక సాగవలయును. పొరుగు సముద్రమున జరిగినది చూడుడు. 1997 మొదలు 2004 వఱకు ఉపగ్రహములు తెలిపిన వర్ణభేదములను బట్టి, పశ్చిమ అరేబియా సముద్రమున ప్లవకములు హెచ్చుచున్నవని జోక్విమ్ గోస్ బృందము 2005లో ప్రకటించెను. 2016లో పుణెకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందము అంతకంటె దీర్ఘకాలపు ఆధారములను పరిశీలించి, పశ్చిమ హిందూమహాసముద్రమున 6 దశాబ్దములలో ప్లవకములు 20 శాతము వఱకు క్షీణించెననియు, సముద్రము వేడెక్కి పైనీరు క్రిందినీటితో కలియకపోవుటయే కారణమనియు తేల్చెను. ఇరుపక్షములవారును ప్రామాణికులే. కొద్ది యేండ్ల లెక్క పెరుగుదలను జూప, దీర్ఘకాలపు లెక్క తఱుగుదలను జూపినది. బంగాళాఖాతమునకు ఆ మూత ముందే యున్నది. వేడిమి దానిని మఱింత బిగించునా యనుట మనకు ప్రాణప్రశ్న.

ఉపగ్రహములున్నవి గదా యని కొందఱందురు. ఉన్నవి, మన దేశపు ఓషన్‌శాట్ ఉపగ్రహములు 1999 నుండి సముద్రవర్ణమును పరికించుచున్నవి. ఆ సంవత్సరముననే హైదరాబాదున వెలసిన జాతీయ సముద్ర సమాచార కేంద్రము ఈ సమాచారమును బట్టి చేపలు దొరకు తావులను బెస్తలకు తెలుపుచున్నది. ఇది శ్లాఘనీయమగు సేవ. కాని ఉపగ్రహము పైపొరను మాత్రమే చూచును. అడుగున ప్రాణవాయువెంత మిగిలినదో అది చెప్పజాలదు. మబ్బులు గ్రమ్మిన ఋతుపవనకాలమున పైపొరయు దానికి తఱచు కానరాదు. నౌకపై పోయి, నీటిని చేది పరీక్షించు మనుష్యుని పనికి అది సహాయమేగాని ప్రత్యామ్నాయము కాదు.

ఇట్టి పనికి ధనమిచ్చునపుడు, రెండు మూడేండ్ల ప్రణాళికగా నిచ్చి, గడువు తీఱగానే నిలుపుట పాలకులకు పరిపాటి. సముద్రమును కొలుచుట యట్టిది కాదు. ఒక్క యేడు తప్పిన కొలతను ఎన్ని కోట్లు వెచ్చించినను వెనుకకు దెచ్చుకొనజాలము. నదుల నీటిమట్టమును, వర్షపాతమును తరతరములుగా వ్రాసియుంచుకొంటిమి గనుకనే నేడు ఆనకట్టలను, పంటలను లెక్కకట్టగలుగుచున్నాము. అట్టి లెక్కపుస్తకము సముద్రమునకును ఉండవలదా?

కావున కేంద్రప్రభుత్వమును, తీరాంధ్రమున బాధ్యత వహించిన రాష్ట్రప్రభుత్వమును ఒక్క కార్యమును స్థిరముగా చేపట్టవలయును. విశాఖ, కాకినాడ, మచిలీపట్టణముల కెదుట తీరమునుండి లోతునీటివఱకు నిర్ణీతస్థలములను ఏర్పఱచి, మాసమునకొకమాఱు ఉష్ణత, లవణత, పోషకములు, ప్రాణవాయువు, ప్లవకముల రాశి కొలిపించి, ఆ లెక్కలను అందఱకును అందుబాటున నుంచవలయును. వాని సారాంశమును తెనుగున వ్రాయించి రేవులకును, రైతుసంఘములకును పంపవలయును. విశాఖలో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థయొక్క ప్రాంతీయ కేంద్రమును, విశ్వకళాపరిషత్తును ఉన్నవి, ఆరితేఱిన శాస్త్రజ్ఞులున్నారు. లోపించినది ప్రభుత్వపు ఓరిమి మాత్రమే. ఈ సంవత్సరపు ఆదాయవ్యయ పట్టికయందైనను మంత్రివర్గములు ఆ కొఱతను దీర్తురుగాక.