ఫోన్‌లో కులదూషణ: ఫార్వర్డ్ చేస్తే పోరాటం అయిపోదు

చుండూరు గొడవకు మొదలు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగలడమేనంటారు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. ఇవాళ డెల్టా పల్లెల్లో ఆ సినిమా హాలు ఫోన్‌లోకి వచ్చింది. అంబేడ్కర్ ఫొటో స్టేటస్‌గా పెట్టినా, ఊరి వాట్సాప్ గ్రూపులో కూలి రేటు అడిగినా కులం పేరుతో తిట్టు వచ్చిపడుతుంది. "గ్రూపులోంచి వచ్చెయ్, గొడవెందుకు" అని పేటలో పెద్దవాళ్లు సర్దిచెప్తారు.

బజార్లో తిట్టు పడ్డవాడు ఇంటికొచ్చి తలుపేసుకోవచ్చు. ఫోన్‌లో తిట్టు ఇంట్లోకే వస్తుంది. అమ్మ చూస్తుంది, చెల్లి చూస్తుంది, కాలేజీలో తోటివాళ్లు చూస్తారు. ఆ పిల్లాడికి నిద్ర పట్టదు, పుస్తకం ముందు కూర్చోలేడు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) నలుగురి కళ్లెదుట జరిగే అవమానాన్ని, కులదూషణను నేరంగా చూస్తాయి. బాధితులు ఎదుట లేనప్పుడు ఇవి వర్తిస్తాయా? ఒక యూట్యూబ్ వీడియో కేసులో 2022 జులైలో కేరళ హైకోర్టు వర్తిస్తాయంది. వీడియో ఎవరు చూసినా బాధితులు అక్కడ ఉన్నట్టేనని చెప్పింది. ఆ తీర్పుకు మన రాష్ట్ర కోర్టులు కట్టుబడనక్కర్లేదు కానీ, మన లాయర్లు చూపించుకోవడానికి పనికొస్తుంది.

అయితే మనం చేస్తున్నదేమిటి? స్క్రీన్‌షాట్ తీసి పది గ్రూపుల్లో పెడుతున్నాం. కోపం నిజమైనదే. కానీ ఫార్వర్డ్ అయిన ప్రతిసారీ ఆ తిట్టు బాధితుడికి మళ్లీ తగులుతుంది. ఈలోగా తిట్టినవాడు మెసేజ్ డిలీట్ చేస్తాడు.

చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో సాక్ష్యాలు చాలవంటూ హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. సాక్ష్యం విలువ మనకంటే ఎవరికి తెలుసు?

అందుకే ముందు సాక్ష్యం. తేదీ, సమయం, నంబరు, గ్రూపు పేరు, సభ్యుల జాబితా కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయాలి. అసలు ఫోన్‌ను రీసెట్ చేయకూడదు, అమ్మకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువీకరణ పత్రమూ కావాలి. ముందు విచారణ చేశాకే ఎఫ్‌ఐఆర్ అని పోలీసులంటే, అక్కర్లేదని సెక్షన్ 18ఏ చెబుతోందని గుర్తుచేయాలి. స్టేషన్‌లో పట్టించుకోకపోతే అత్యాచారాల హెల్ప్‌లైన్ 14566 ఉంది.

కేసు పెట్టాక కూడా పని మిగిలే ఉంటుంది. పేరు, ఫొటో బయటపెట్టేముందు బాధితుణ్ని అడగాలి. రాజీకొమ్మని ఊరు ఒత్తిడి తెచ్చే రోజుల్లో ఇంటికెళ్లి కూర్చోవాలి. మనసు బాగా కుంగితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించాలి. ఒక్క లైకూ రాని ఈ పనే కేసునూ మనిషినీ నిలబెడుతుంది.