వెనక్కి తిరిగిన బండి

పోయిన నెల ఈ పేజీ రాలేదు. "జాబర్ మామ ఎక్కడికి పోయిండు?" అని చాలామంది అడిగారట. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో మా మేనల్లుడు డీజిల్ మెకానిక్. టికెట్ పంపి రమ్మంటే పోయాను. అక్కడ చూసిన భవనాలు, బీచ్‌ల గురించి రాయను. వాడు నన్ను ఎడారికి తీసుకుపోయిన సంగతి ఒక్కటే రాస్తాను. మన ఇళ్ళకు పనికొచ్చే ముక్క అందులోనే ఉంది.

ఆ ఎడారి పేరు సింప్సన్. అందులోని నేషనల్ పార్కుకు అక్కడి ఆదివాసుల మాటలో మంగా-తిర్రి అనే పేరు కూడా ఉంది. పెద్ద ఇసుక దిబ్బల నేల అని అర్థం. దక్షిణ ఆస్ట్రేలియా వైపు ఉన్న భాగమే సుమారు 36 లక్షల హెక్టార్లు. వెయ్యికి పైగా ఎర్రని దిబ్బలు, అన్నీ ఒకే దిక్కుకు వరసగా పరిచినట్టు ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే దిబ్బలు పడుగు, బండి పేక. పొద్దంతా అడ్డంగా ఎక్కడం, దిగడమే పని. గంటకు 15 కిలోమీటర్లు పోతే గొప్ప.

పడమట మౌంట్ డేర్ దగ్గర డీజిల్ నింపితే మళ్ళీ తూర్పున బర్డ్స్‌విల్ అనే ఊళ్ళోనే. మధ్యలో 500 కిలోమీటర్లకు పైగా పంపు లేదు, కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. ఎండలకు భయపడి ఏటా డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా పార్కు మూసేస్తారు. మేం పోయింది జూలైలో. అక్కడ అది చలికాలం.

బండి నాలుగు చక్రాలూ తిరిగేది. ముందు పొడుగాటి కర్రకు జెండా కట్టాలి, నేల నుంచి 3.5 మీటర్ల ఎత్తుకు. దిబ్బకు అవతలి నుంచి ఎక్కే బండికి మనం కనపడాలి కదా! టైర్లలో 38 ఉన్న గాలిని మావాడు 16కు దించాడు. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. వెనకే ఇంకో బండి, వాడితో పనిచేసే ఆయనా ఆయన భార్యా. తిండికి వాడి పెళ్ళాం కడక్ జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ పొడి కట్టిచ్చింది. వారమైనా చెడని కూడు. రాత్రి చలికి పళ్ళు కొట్టుకుంటుంటే, కానుకగా తీసుకుపోయిన సోలాపూర్ చద్దర్లు రెండూ నేనే కప్పుకున్నా.

నీళ్ళ లెక్క మావాడిదే. మనిషికి రోజుకు 7 లీటర్లు, అయిదు రోజులకు. ఆపైన ఏదైనా అయితే ఆగిపోవడానికి ఇంకో మూడు రోజులకు. ఇద్దరికీ కలిపి 112. మోసింది 130: బండి కింద ట్యాంకులో 70, డబ్బాల్లో 60.

డల్హౌసీ స్ప్రింగ్స్ దాటిన రెండో రాత్రి గడిచి తెల్లారేసరికి బండి కింద ఇసుక తడిగా ఉంది. కుదుపులకు ట్యాంకు పట్టీ వదులై, బోల్టు రాసుకుని రాసుకుని ట్యాంకుకు బెజ్జం పడింది. 70 లీటర్లూ ఇసుక తాగేసింది.

"ఏం గాదు మామా, 60 ఉన్నయి. మూడు రోజుల్ల బర్డ్స్‌విల్ జేరుతం. 42 చాలు" అన్నాడు వాడు. లెక్క తప్పు కాదు. పైగా వెనక్కి పోవడమే కష్టం. ఆ దిబ్బలు పడమర వైపు ఏటవాలుగా, తూర్పు వైపు నిటారుగా ఉంటాయి. తిరిగితే నిటారు వైపు ఎక్కాలి. ఈ ప్రయాణానికి వాడు రెండేళ్ళు డబ్బు దాచాడు. నన్ను మూడు సరిహద్దులు కలిసే మూల దగ్గర నిలబెట్టి ఫోటో తీయాలని వాడి ఆశ.

నేను నా ఎడమచేయి చూపాను. చూపుడు వేలు సగమే ఉంటుందని మీ అందరికీ తెలుసు. మిల్లులో పోయిందని తెలుసు. ఎలా పోయిందో ఇన్నేళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. గేరు కవర్ విరిగింది. అడిగితే స్టోర్‌లో లేదన్నారు, అది నిజమే. కానీ ఆ మెషిన్ ఆపమనే మాట నా నోట్లోనే ఉంది. ఆపితే ప్రొడక్షన్ తగ్గి నా పేరు పోతుందని ఆపలేదు. కవర్ లేకుండా పది రాత్రులు నడిపాను. పది రాత్రులూ ఏమీ కాలేదు. పదకొండో రాత్రి పాళీ అయిపోవడానికి రెండు గంటలుందనగా వేలు పోయింది.

"తప్పు మిల్లుదే అంటివి గదా మామా ఎప్పుడూ" అన్నాడు.

"మిల్లుది ఉంది. నాదీ ఉంది రా."

వాడేం మాట్లాడలేదు. కాసేపు డబ్బాల మీద చేయి వేసి నిలబడ్డాడు. తర్వాత రేడియోలో వెనక బండికి చెప్పాడు. వాళ్ళు ఒక్క మాట అనకుండా మాతో పాటే తిప్పారు. టైర్లలో గాలి ఇంకా దించి ఎక్కాం. ఒక దిబ్బ నాలుగోసారికి గానీ లొంగలేదు.

దారిలో వాడు చెప్పాడు. ఆ నేల వాంగ్కంగురు జనానిది. చేత్తో తవ్విన లోతైన ఇరుకు బావుల మీద ఆధారపడి ఆ ఇసుకలో తరతరాలు బతికారట. ఆ బావుల్ని మికిరి అంటారు. 1936లో టెడ్ కోల్సన్ ఒంటెలతో ఈ ఎడారి దాటితే, పక్కన నడిచింది పీటర్ ఐన్స్ అనే ఆదివాసి.

మర్నాడు డల్హౌసీ చేరాం. అక్కడ భూమిలోంచి ఊరే వేణ్నీళ్ళ కొలను ఉంది. మెడలోతు దిగితే చిన్న చేపలు కాళ్ళు కొరికాయి. "వచ్చే ఏడు ట్యాంకు పట్టీలు మార్చి మళ్ళా పోదం మామా" అన్నాడు మావాడు.

ముందుకే పోయుంటే ఏమీ అయ్యేది కాదేమో. ఆ పది రాత్రులు కూడా నాకేమీ కాలేదు.

మన పేటలో సందు సందుకూ పవర్‌లూమ్ ఉంది. కవర్ లేని గేరు, గార్డు లేని బెల్టు ఎవరింట్లో ఉందో మీకే తెలుసు. ఈ ఆదివారం మగ్గం ఆపి ఒకసారి చూడండి. వచ్చే నెల ఎప్పటిలాగే పింఛను కాగితాల సంగతి.